ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్: నెల్లూరు నుంచి వాడుతున్నవాళ్ల మాట

ఏడబ్ల్యూఎస్ అంటే అమెజాన్ వాళ్లు తమ సర్వర్లను (ఎప్పుడూ నడిచే పెద్ద కంప్యూటర్లను) ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే సర్వీసు, ఆ సర్వర్లు ఉండే ఒక్కో ప్రాంతాన్ని రీజియన్ అంటారు. ముందే చెప్పేస్తాను, సర్వీసు బాగుంది, మేం వాడుతున్నాం, ఇకముందు కూడా వాడతాం. అయితే "హైదరాబాద్ మన పక్కనే కదా, స్పీడ్‌గా ఉంటుంది" అని ఎవరైనా చెబితే ఆ ఒక్క మాట మీద దాన్ని తీసుకోవద్దు. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేసుకునే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, సర్వర్ ముంబైలో పెట్టుకోవాలా హైదరాబాద్‌లో పెట్టుకోవాలా అని. దానికి సరైన సమాధానం చెప్పాలంటే అసలు అమెజాన్ లాంటి కంపెనీ ఒక ఊరిని ఏం చూసి ఎంచుకుంటుందో కొంచెం తెలియాలి, అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగు.

మా పని సంగతి. రొయ్యల రైతులకు, కొన్ని హేచరీలకు (రొయ్య పిల్లల్ని తయారుచేసే చోట్లకు) ఒక యాప్ నడుపుతున్నాం. ఏ గుంటకు ఎంత మేత పడింది, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, పట్టుబడిలో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, ఇవన్నీ రైతు ఫోన్‌లోనే ఎక్కించుకుంటాడు. అన్నిటికంటే ముఖ్యం రాత్రిపూట వెళ్లే అలర్ట్. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, సరిగ్గా ఆ టైములో కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే మిషన్లు) ఆగి, జనరేటర్ వేయడం ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది, పెట్టిన పెట్టుబడి, తెచ్చిన అప్పు అన్నీ ఆ ఒక్క రాత్రితోనే. విడవలూరు వైపు ఒక రైతు మాతో మొదట్లోనే అన్నాడు, "అబ్బయ్యా, ఏరేటర్ ఆగితే నాకు ఫోన్ రావాల. మీ మిషను హైదరాబాదులో ఉంటే నాకేంది, అమెరికాలో ఉంటే నాకేంది" అని. ఈ సర్వీసును నేను కొలిచేది ఆ మాటతోనే.

రీజియన్ అంటే ఒక పెద్ద బిల్డింగ్ అని చాలామంది అనుకుంటారు, కాదు. హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి. ఒక్కో జోన్ అంటే ఒకటి లేదా అంతకంటే ఎక్కువ డేటా సెంటర్లు (సర్వర్లు పెట్టే బిల్డింగులు), వాటికి సొంత కరెంటు ఏర్పాటు, సొంత కూలింగ్, సొంత నెట్‌వర్క్ లైన్లు. ఒక జోన్‌లో ఏదైనా జరిగితే పక్కదానికి తగలకుండా దూరంగా కడతారు, అలాగని మరీ దూరం పెడితే డేటా అప్పటికప్పుడు రెండు చోట్లా రాయడం కుదరదు కాబట్టి ఒక రీజియన్‌లో జోన్లన్నీ వంద కిలోమీటర్లలోపే ఉంటాయి. హైదరాబాద్ విషయంలో చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ అని మూడు వైపులా స్థలాలు తీసుకున్నారు. అంటే ఊరు ఎంచుకోవడంతో పని అయిపోదు, ఆ ఊరి చుట్టూ ఒకదాని కష్టం ఇంకోదానికి అంటని మూడు చోట్లు దొరకాలి, మూడింటికీ సరిపడా కరెంటు, ఫైబర్, భూమి దొరకాలి. చాలా ఊళ్లు ఇక్కడే ఆగిపోతాయి.

ఇక ఎందుకు హైదరాబాద్ అనేది. ఏడబ్ల్యూఎస్ మన దేశంలోకి ఒకేసారి రాలేదు. 2010లో సింగపూర్ రీజియన్ పెట్టారు, ఇండియాలో చాలా కంపెనీలు చాన్నాళ్లు దాని మీదే నడిచాయి. 2016 జూన్‌లో ముంబై వచ్చింది. ముంబైని మొదట ఎంచుకోవడానికి కారణం వెతకక్కర్లేదు, బ్యాంకులు, స్టాక్ ఎక్స్చేంజీలు, సినిమా, టీవీ కంపెనీలు అన్నీ అక్కడే, సముద్రం కింద నుంచి వచ్చే కేబుళ్లు మన దేశంలో ఎక్కువగా ఒడ్డుకు చేరేది ముంబై, చెన్నైల దగ్గరే. ఆ తర్వాత రూల్ మారింది. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చి, పేమెంట్ డేటా మొత్తం ఇండియాలోనే ఉండాలంది, అదే ఏడాది అక్టోబర్ దాకా గడువు పెట్టింది. ఇప్పుడు ఒక బ్యాంకు వైపు నుంచి ఆలోచించండి. డేటా దేశం దాటకూడదు, కానీ ముంబైకి ఏదైనా పెద్ద ఆపద వస్తే పని ఆగకూడదు. అప్పుడు దేశం లోపలే, ముంబైతో ఏ రకంగానూ సంబంధం లేని రెండో చోటు కావాలి. సింగపూర్ ఇక పనికిరాదు. ఆ రెండో చోటే హైదరాబాద్.

ముంబైకి ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరం. సముద్రం లేదు, తుఫాను నేరుగా వచ్చి తాకే భయం లేదు. చాలాకాలంగా వాడుతున్న భూకంపాల మ్యాపులో ముంబై జోన్ 3 అయితే హైదరాబాద్ జోన్ 2, అంటే తక్కువ ప్రమాదం ఉన్న భాగం. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే డేటా సెంటర్ల కోసం విడిగా పాలసీ తెచ్చి కూర్చుంది. అమెజాన్‌కి అక్కడ అప్పటికే వేలమంది ఉద్యోగులున్నారు, 2019లో తెరిచిన నానక్‌రామ్‌గూడ క్యాంపస్‌లో పదిహేను వేలమంది పట్టే ఆఫీసు ఉంది. 2020 నవంబర్‌లో అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ ₹20,761 కోట్ల పెట్టుబడి అని ప్రకటించారు, 2022 నవంబర్ 22న రీజియన్ తెరిచారు, 2023 జనవరికి ఆ పెట్టుబడి లెక్క 2030 నాటికి ₹36,300 కోట్లకు పెరిగింది. కంపెనీ లోపల కూర్చుని ఏ ఊరికి ఎన్ని మార్కులు వేశారో బయటికి రాదు, కానీ ఈ వరస చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే. ఏది ఆగితే తన కస్టమర్లు మునిగిపోతారో చూసుకుని, అది ఆగని చోటు వెతుక్కున్నారు. మన నెల్లూరువాళ్లకు దగ్గరవుతుందని పెట్టలేదు. అందులో తప్పేమీ లేదు, ఎంచుకునే పద్ధతి అదే, మనం కూడా రీజియన్‌ను అలాగే ఎంచుకోవాలి.

ఇంకో విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఈ చర్చ వస్తే "మన జిల్లాకి ఎందుకు రావు" అనే దగ్గరే గొడవ మొదలవుతుంది. ఒక కంపెనీ అన్ని పనులకూ ఒకే లెక్క చూడదు. మనుషులు కావాల్సిన పనికి మనుషులున్న చోటికి వెళ్తుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరుకి వచ్చింది ఇంజినీర్ల కోసం. ఫోన్లు బిగించే పనికి పోర్టు, విడిభాగాల సప్లయర్లు, షిఫ్టులకు వచ్చే వేలమంది కావాలి, అందుకే మన పక్కన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో షావోమీ ఫోన్లు మొదలుపెట్టింది, చెన్నై అంత దగ్గర కాబట్టి. పన్ను చూసుకుని హెడ్డాఫీసు పెట్టాలనుకున్న కంపెనీలు ఐర్లాండ్‌కి వెళ్లాయి, అక్కడ కార్పొరేట్ పన్ను చాలాకాలం 12.5 శాతమే. మిషన్లు నడిపే పనికి చల్లదనం, కరెంటు. గూగుల్ ఫిన్‌లాండ్‌లో హమీనా అనే ఊళ్లో పాత పేపర్ మిల్లు కొని సముద్రపు నీళ్లతో సర్వర్లను చల్లబరుస్తోంది, ఫేస్‌బుక్ స్వీడన్ ఉత్తరాన లూలియోలో 2013లో డేటా సెంటర్ తెరిచింది, బయటి చల్లగాలే చాలు. కరెంటు చాలకపోతే ఎంత మంచి ఊరైనా తలుపు మూసుకోవాల్సిందే. సింగపూర్ 2019 నుంచి 2022 దాకా కొత్త డేటా సెంటర్లకు పర్మిషన్ ఆపేసింది, ఐర్లాండ్‌లో 2023లో వాడిన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లదే.

అందుకని డేటా సెంటర్ వచ్చినంత మాత్రాన ఊళ్లో పిల్లలందరికీ ఉద్యోగాలొస్తాయని నేను నమ్మను. కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టాక లోపల పనిచేసేది కొద్దిమందే. ఉద్యోగాలు ఆఫీసు క్యాంపస్‌తో వస్తాయి, ఫ్యాక్టరీతో వస్తాయి. మన నాయకులను అడిగేటప్పుడు ఏది అడుగుతున్నామో తెలిసి అడగాలి.

మన తీరం సంగతికొస్తే, కృష్ణపట్నం పోర్టు ఉంది, నేలటూరులో కరెంటు తయారుచేసే 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి, 16వ నంబరు హైవే ఉంది, చెన్నై మూడు నాలుగు గంటల దూరం. కాగితం మీద మనకేం తక్కువ అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, హైవే తెగి, ఒంగోలు నుంచి నెల్లూరుకి మామూలుగా రాలేని పరిస్థితి మనందరం చూశాం. మనుషులు, డీజిల్, విడిభాగాలు అన్నీ ఆ ఒక్క దారినే రావాలంటే అది కంపెనీవాడి లెక్కలో పెద్ద మైనస్. తుఫాను ఒక్కటే కారణం అనుకోవడానికి లేదు, హుద్‌హుద్ దెబ్బతిన్న వైజాగ్‌కే గూగుల్ 2025 అక్టోబర్‌లో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని వచ్చింది. అక్కడ సముద్రపు కేబుళ్లు ఒడ్డుకు చేర్చే కొత్త గేట్‌వే కట్టడం వాళ్లకు కావాలి, ముంబై, చెన్నైలకు తోడుగా తూర్పు తీరంలో ఇంకో దారి. ఆ ఒక్క లాభం ముందు మిగతా ప్రమాదాలకు ఖర్చు పెట్టి కట్టుకుంటారు. నెల్లూరుకి అలాంటి "ఇక్కడే కావాలి" అనే కారణం ఒకటి తయారవ్వాలి. రాయితీలు అందరూ ఇస్తారు.

సరే, స్పీడ్. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వంద కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను. నెల్లూరు నుంచి గీత గీసినట్టు చూస్తే హైదరాబాద్ 360 కిలోమీటర్ల దాకా, ముంబై 900 పైన, సింగపూర్ దాదాపు 3,000. లెక్క ప్రకారం నాలుగు, తొమ్మిది, ముప్పై మిల్లీసెకన్లు. నిజంగా దీనికంటే ఎక్కువే అవుతుంది, ఎందుకంటే కేబుల్ గీత గీసినట్టు పోదు. నెల్లూరులో మేం వాడే లైన్ మీద ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిలో పోతోందో చూపించే కమాండ్) కొట్టి చూస్తే డేటా ముందు దక్షిణానికి చెన్నై వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాద్‌కి ఎక్కుతోంది. మనకు ఉత్తరాన ఉన్న ఊరికి దక్షిణం నుంచి ప్రయాణం. కాబట్టి మ్యాపులో కనిపించే దగ్గరతనం చేతికి పూర్తిగా రాదు, సగం మీ ఇంటర్నెట్ కంపెనీ ఏ దారిలో పంపుతుందో దాని మీద ఉంటుంది. మేత ఎంత వేశానో ఎక్కించే రైతుకి ముంబై, హైదరాబాద్‌ల మధ్య తేడా తెలియదు. సింగపూర్ నుంచి మారినవాళ్లకు మాత్రం తేడా తెలుస్తుంది, ముఖ్యంగా ఒక్క స్క్రీన్ తెరవడానికి సర్వర్‌తో పదిసార్లు మాట్లాడే పాత సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు. ఫొటోలు, వీడియోలే ఎక్కువైతే రీజియన్ గురించి తలబద్దలు కొట్టుకోవద్దు, క్లౌడ్‌ఫ్రంట్ పెట్టుకోండి, అది వాటి కాపీలను చూసేవాళ్లకు దగ్గరి ఊళ్లలో ఉంచి పంపే ఏడబ్ల్యూఎస్ సర్వీసు, అలాంటి చోట్లు (ఎడ్జ్ లొకేషన్లు) దానికి చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

మరి మేం ఎందుకు హైదరాబాద్ తీసుకున్నాం అంటే, మా పనిలో ఏది ఆగకూడదో రాసుకున్నాం. రాత్రి అలర్ట్ ఆగకూడదు, రైతు రాసుకున్న లెక్కలు పోకూడదు. ఈ రెండే. వర్షాకాలం అంటే ముంబైకి జూన్ నుంచి సెప్టెంబర్, మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్. పెద్ద వానల టైములో మా మెయిన్ సర్వర్ సముద్రానికి దూరంగా ఉండటం మాకు ధైర్యం, మనకు తుఫాను వచ్చిన రోజు అక్కడ చాలాసార్లు మామూలు రోజే. డేటాబేస్‌ను రెండు జోన్లలో ఉంచాం, రోజూ ఒక బ్యాకప్ కాపీ ముంబైకి వెళ్తుంది. అంటే ముంబై బ్యాంకు హైదరాబాద్‌ని రెండో చోటుగా ఎలా వాడుకుంటుందో మేం తిరగేసి అలా వాడుకుంటున్నాం, ఒక చిన్న నెల్లూరు కంపెనీ నెలకు కొద్దిపాటి బిల్లుతో ఈ పని చేయగలుగుతుంది అంటే అది నాకు నిజంగా గొప్పగా అనిపిస్తుంది. దేశంలో రెండో రీజియన్ లేకపోతే మాకు ఈ అవకాశమే లేదు.

అయితే రైతు వైపు నుంచి చూడండి. అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు గుంటల దగ్గర కరెంటు పోతే ఒక్కోసారి కాసేపటికి టవర్ కూడా పోతుంది, ఎందుకంటే దాని బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అంతవరకే. ఏరేటర్ ఆగిన కారణమే సిగ్నల్ పోవడానికీ కారణం. అప్పుడు సర్వర్ మూడు జోన్లలో ఉన్నా, ముప్పై జోన్లలో ఉన్నా అలర్ట్ బయలుదేరదు. అందుకని గుంట దగ్గర పెట్టే పెట్టెలోనే బ్యాటరీ, సైరన్ పెట్టించాం. కరెంటు పోయిన క్షణమే అక్కడ సైరన్ మోగుతుంది, కాపలా మనిషి లేస్తాడు, ఫోన్ తర్వాత సంగతి. ఇంకా పెట్టె నుంచి రావాల్సిన సిగ్నల్ కొన్ని నిమిషాలు రాకపోతే సర్వర్ దాన్ని కూడా ఆపదగానే లెక్కేసి రైతు ఇంటి నంబరుకి ఫోన్ చేస్తుంది, రైతు ఇల్లు వేరే టవర్ కింద ఉంటుంది కాబట్టి ఇది బాగా పనికొస్తుంది. ఐఓటీ పనులు (ఇలా మిషన్లను, సెన్సార్లను ఇంటర్నెట్‌కి కలిపే పనులు) చేసేవాళ్లెవరైనా సరే రీజియన్ ఎంచుకునే ముందు ఈ భాగం చూసుకోండి, డబ్బు ముందు ఇక్కడ పెట్టండి. ఆ రైతు అడిగింది ఇదే కదా.

ఇక ఇబ్బందులు. ఏడబ్ల్యూఎస్ ఏ కొత్త రీజియన్‌లోనైనా అన్ని సర్వీసులూ మొదటిరోజే రావు, పాత రీజియన్లకు ముందు వస్తాయి, తర్వాత వీటికి. ముంబైకి ఆరేళ్ల ముందు నడక ఉంది. కాబట్టి మీ యాప్‌కి కావాల్సిన సర్వీసులు, సర్వర్ సైజులు హైదరాబాద్ లిస్టులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుని దిగండి, ముఖ్యంగా ఏఐ పనులకు, వాటికి కావాల్సిన జీపీయూ చిప్‌లున్న సర్వర్లకు. రెండోది ఖర్చు. లోపలికి వచ్చే డేటాకు డబ్బులు లేవు, బయటికి పోయేదానికి ఉన్నాయి, నెలకు మొదటి వంద జీబీ దాకా ఇంటర్నెట్‌కి ఫ్రీ. కానీ హైదరాబాద్ నుంచి ముంబైకి కాపీ పంపినా ఛార్జీ పడుతుంది, జోన్ నుంచి జోన్‌కి పోయినా చాలావరకు పడుతుంది. ఇది బిల్లులో చిన్న చిన్న లైన్లుగా కనిపిస్తుంది, డేటా పెరిగేకొద్దీ ఆ లైన్లే పెద్దవవుతాయి. బ్యాకప్ మొత్తం రోజూ పంపకుండా మారిన భాగమే పంపేలా పెట్టుకోండి.

ఎవరికి ఏది అంటే నా అభిప్రాయం ఇది. ఒక బట్టల షాపు, ఒక స్కూలు, ఒక హాస్పిటల్ అపాయింట్‌మెంట్ల వెబ్‌సైట్, ఇవి ఇప్పటికే ముంబైలో నడుస్తుంటే కదిలించక్కర్లేదు, మార్చినందుకు మీకు దొరికేది ఏమీ లేదు, బ్యాకప్ ఒకటి హైదరాబాద్‌కి పంపండి చాలు. కొత్తగా మొదలుపెడుతుంటే, మీకు కావాల్సిన సర్వీసులు ఉంటే హైదరాబాదే పెట్టుకోండి. అమెరికా కస్టమర్లకు పనిచేసే ఒంగోలు కుర్రాళ్లకు రెండూ వద్దు, కస్టమర్ దగ్గరున్న రీజియనే మీది, మీరు ఎక్కడ కూర్చుని కోడ్ రాస్తున్నారు అన్నది వాళ్లకు అనవసరం. డబ్బులు, పేమెంట్లు, ఆరోగ్య వివరాలు చూసేవాళ్లు మాత్రం రెండు రీజియన్లూ దేశంలోనే ఉంచుకోండి, దీంట్లో పిసినారితనం వద్దు.

అకౌంట్ తెరవగానే హైదరాబాద్ లిస్టులో పనిచేయదు, భయపడకండి. 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లన్నీ మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎనేబుల్ చేసుకోవాలి, హైదరాబాద్ కోడ్ ఏపీ-సౌత్-2, ముంబైది ఏపీ-సౌత్-1, రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చూసి నొక్కండి, తర్వాత మార్చాలంటే డేటా అంతా మోసుకెళ్లాలి. బిల్లు రూపాయల్లోనే వస్తుంది, మీద 18 శాతం జీఎస్టీ. మీకు జీఎస్టీ నంబరు ఉంటే మొదటిరోజే ఎక్కించండి, ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు.